మూడు కప్పుల మైదా

నన్ను అవమానించినవాళ్ళని నేను మర్చిపోను. ఇది గొప్పగా చెప్పుకోదగ్గ గుణం కాదని తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో కూర్చుని క్షమించడం గురించి వింటాను, తల ఊపుతాను, కార్‌లోకి వచ్చి సీట్‌బెల్ట్ పెట్టుకునేసరికి పాత కోపాలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. "నీతో గొడవ పెట్టుకునేవాడు ముందే లాయర్‌ని మాట్లాడుకోవాలి" అంటాడు మా ఆయన. అననీ. ఆ కోపాలన్నిటిలోకీ ముదిరింది ఒక కేకు మీద కోపం.

మేం అమెరికాలో ప్లెయిన్స్‌బరోకి వచ్చిన మొదటి డిసెంబరు అది. మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలునీ, బేస్‌మెంట్‌లో ఉన్న వంటగదినీ మాకిస్తారు. ఆ వంటగదికి మహారాణి ఒక ఆంటీ. అరవై దాటిన మనిషి. నరసాపురం వైపు నుంచి నర్సుగా ఈ దేశం వచ్చి, ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రుల్లో పనిచేసి రిటైరైంది. భర్త పోయాక కాండోలో, అంటే సొంత ఫ్లాట్‌లో, ఒక్కతే ఉంటోంది. క్రిస్మస్ ఆరాధనకి కేకు ఆవిడే చేస్తుంది. ఇంకెవరూ చేయకూడదని ఎక్కడా రాసి లేదు, కానీ ఎవరూ చేయరు. కేకు మాత్రం చాలా బాగుంటుంది. ఆ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా నిజం నిజమే.

కొత్తగా వచ్చినదాన్ని, నలుగురిలో కలుద్దామని, ఆవిడ దగ్గరికి వెళ్ళి కేకు ఎలా చేస్తారని అడిగాను. ఆవిడ గబగబా చెప్పింది, నేను ఫోన్‌లో రాసుకున్నాను. మైదా మూడు కప్పులు, పంచదార రెండు కప్పులు, బటర్ ఒకటిన్నర స్టిక్కు, గుడ్లు మూడు, బేకింగ్ పౌడర్ రెండు చెంచాలు, నారింజ రసంలో నానిన ఎండుపళ్ళు. సరుకులన్నీ తెచ్చుకుని, కొత్త కప్పుల సెట్ కొనుక్కుని, క్రిస్మస్ ముందు ఆదివారం భోజనాలకి నేనూ ఒక కేకు చేసి పట్టుకెళ్ళాను.

అది కేకు కాదు. కత్తి దిగలేదు. దిగినచోట పొడిపొడిగా రాలింది. ఆంటీ ఒక ముక్క చేతిలోకి తీసుకుని, బల్ల అంచు మీద టక్ టక్‌మని కొట్టింది.

"ఏంటమ్మాయ్, కేకా, ఇటికా? నువ్వు ల్యాబ్‌లో పొడులు తూస్తావంట కదా? కొలతలు రాసుకుంటే వంటొచ్చేస్తుందా ఎక్కడైనా! చెయ్యుండాలి, చెయ్యి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. అత్త తిట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారే, అదిగో అలా ఉంది నా పని. ప్లేటు మీద ఫాయిల్ కప్పేసి, పార్కింగ్ లాట్‌కి వచ్చి, కార్‌లో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, దీనికి సమాధానం చెప్పకుండా ఊరుకోనని అనుకున్నాను.

ఎందుకంత మండిందో చెప్పాలి. పొడులు తూయడమే నా ఉద్యోగం. మందుల కంపెనీ ల్యాబ్‌లో, ఒక పొడిని గాజు సిలిండర్‌లో పోసి ఎంత ఎత్తు వచ్చిందో రాసుకుంటాను. తర్వాత దాన్ని మిషన్ మీద పెట్టి కొన్ని వందలసార్లు తట్టించి, ఎంత కిందికి దిగిందో రాసుకుంటాను. పోసినప్పుడు నిండుగా కనిపించింది తట్టాక కుంగిపోతుంది. గిన్నెతో కొలిచిన పొడిని నమ్మకూడదని, తూచితే తప్ప అది ఎంతో తెలియదని అందరికంటే బాగా తెలియాల్సినదాన్ని నేను. ఆవిడ నా కేకునే కాదు, నా చదువునీ నా ఉద్యోగాన్నీ కలిపి బల్లకేసి కొట్టింది.

మర్నాడే వంటింటి త్రాసు ఒకటి కొన్నాను. కప్పులో మైదాని చెంచాతో తేలిగ్గా పోసి, అంచుకి సమంగా గీసి తూస్తే నూట ఇరవై గ్రాములు. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే నూట నలభై ఐదు. అప్పుడు నేను ఆ కేకుకి ఎలా కొలిచానో గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్నాను. మా ఇంట్లో సమంగా గీసి కొలవడమంటే పిసినారితనం. మా అమ్మ ఎవరికి ఏది కొలిచి ఇచ్చినా, డబ్బా నింపి, నేల మీద రెండుసార్లు తట్టి, అరచేత్తో నొక్కి, ఆపైన మళ్ళీ శిఖరంలా పోసేది. నేనూ అలాగే పోశాను. తూస్తే నూట డెబ్భై రెండు! నలుగురికీ పెట్టే కేకు కదా, ధారాళంగా ఉండాలనుకున్నాను. ధారాళం పొయ్యిలోకి వెళ్ళి ఇటుకై వచ్చింది.

సరే, తప్పు నాది, దిద్దుకుంటానని మూడు నూట ఇరవైలు, మూడు వందల అరవై గ్రాములతో మళ్ళీ చేశాను. కత్తి దిగింది గానీ ఆవిడ కేకు కాలేదు. గొంతుకి అడ్డం పడుతోంది. ఇక పంతం పట్టుకుంది నాకు. ఆ చలికాలమంతా శనివారం శనివారం ఐదేసి గ్రాములు తగ్గిస్తూ, పంచదార కూడా అదే వంతున తగ్గిస్తూ కేకులు చేశాను. మా ఆయన ఆఫీస్‌లో వాళ్ళందరూ తిన్నారు, పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే స్టూడెంట్ పిల్లలు తిన్నారు. మూడు వందల పదిహేను దగ్గర ఆగింది. ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, సాక్షాత్తూ ఆంటీ కేకే.

మూడు వందల పదిహేనుని మూడుతో భాగిస్తే నూట ఐదు. నూట ఐదు గ్రాములు పట్టే కప్పు ఈ దేశంలో ఎక్కడుంది? ముంచి తీస్తే నూట నలభైకి తగ్గదు. అంటే ఆవిడ నాకు కావాలనే తప్పుడు కొలత చెప్పిందన్నమాట! తప్పు చెప్పి, తప్పు చేయించి, నలుగురిలో నవ్విందన్నమాట! ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆ నూట ఐదుని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అటు వెళ్ళినప్పుడల్లా చూసి పళ్ళు నూరేదాన్ని.

ఏడాది గడిచింది. మళ్ళీ క్రిస్మస్ వచ్చింది, ఆవిడ కేకు మళ్ళీ అద్భుతంగా ఉంది, నేను నవ్వుతూ తిన్నాను. ఆ తర్వాతి అక్టోబరులో ఆవిడ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. నేను కాస్త ముందు వెళ్ళాను. ఆంటీ గవ్వలకి పిండి కలుపుతోంది. మైదా డబ్బాలో నుంచి పిండి తీస్తున్న కప్పు చూశాను. గీతలన్నీ చెరిగిపోయిన, పచ్చబారిన ప్లాస్టిక్ కప్పు. రైస్ కుక్కర్‌తో పాటు పెట్టెలో వచ్చే కప్పు!

"ఏంటే అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?" అంది.

"ఏం లేదాంటీ. మీ కప్పు పాతది కదా."

"ముప్ఫయ్యేళ్ళది. మొదటి కుక్కర్‌తో వచ్చింది. కుక్కర్లు నాలుగు పోయినాయి గానీ ఇది పోలేదు. పులిహోరైనా కేకైనా దీంతోటే."

ఇంటికొచ్చి మా బియ్యం డబ్బాలో ఉన్న కుక్కర్ కప్పు కడిగి తుడిచి, మైదాలో ముంచి తూశాను. నూట ఐదు. మళ్ళీ ముంచితే నూట ఆరు. ఈ దేశపు కప్పులో రెండు వందల నలభై మిల్లీలీటర్లు పడితే కుక్కర్ కప్పులో పట్టేది నూట ఎనభయ్యే. ఆంటీ మూడు కప్పులంటే మామూలు కప్పులు రెండుంపావు. మైదా, పంచదార కప్పుతో తగ్గిపోతాయి. గుడ్లూ బటర్ స్టిక్కులూ లెక్కపెట్టి వేసేవి కాబట్టి తగ్గవు. అందుకే ఆవిడ కేకు అంత మెత్తగా వచ్చేది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. తన కప్పు కప్పు కాదని ఆవిడకే తెలియదు.

ఇక్కడ నా కోపం చల్లారాలి కదా? చల్లారలేదు సరికదా, ఇంకా రాజుకుంది. మోసం చేసినా కొంత గౌరవం ఉండేది. ఏమీ తెలియకుండా, తెలియని సంగతి కూడా తెలియకుండా, నన్ను పట్టుకుని చెయ్యి లేదంటుందా! ఈ క్రిస్మస్‌కి అందరి ముందూ త్రాసు పెట్టి, కుక్కర్ కప్పూ అసలు కప్పూ పక్కపక్కన తూచి, "ఆంటీ, ఇదీ మీ చెయ్యి" అనాలని నిర్ణయించుకున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని చూపిద్దామనుకున్నాను. త్రాసుకి కొత్త బ్యాటరీలు కూడా వేశాను.

ఆ అవసరం లేకుండా పోయింది. డిసెంబరు మొదటి శనివారం కేకుల రోజు. చర్చి వంటగదిలో ఆంటీ, ఆవిడకి సాయంగా నేను, ఇంకో ఇద్దరు. ఆంటీ సంచీలో నుంచి తళతళలాడే స్టీలు కప్పుల సెట్ తీసింది.

"థాంక్స్‌గివింగ్‌కి మా అమ్మాయి టెక్సస్ నుంచి వచ్చింది కదా. నా కప్పుకి చీలికొచ్చిందని పారేసి ఇవి కొనిచ్చింది. ఏదైతే ఏముంది, కప్పు కప్పే."

ఆవిడ ఆ స్టీలు కప్పుని మైదాలో ముంచింది. ఒకటి. చెప్తే ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. రెండు. ఒక్క మాట చాలు. మూడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, దాన్ని నేను మింగేశాను. పంచదార కూడా ఆ కప్పుతోనే పోసింది. పిండి కలుపుతుంటే గరిట నిలబడింది.

"ఏంటిది ఇంత గట్టిగా ఉంది? చలికి బటర్ బిగుసుకుందంటావా?"

"అయ్యుంటుందాంటీ," అన్నాను.

పన్నెండు పాన్‌లు. పన్నెండుసార్లూ నేను పక్కనే నిలబడి చూశాను. అందులో నేను వేసింది ఏమీ లేదు, తీసింది ఏమీ లేదు. అనరానిది ఒక్క మాట కూడా అనలేదు. అంత తేలికైన పగ ఇంకొకటి ఉండదు.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక కేకు పంచారు. మావాళ్ళు మర్యాదస్తులు, పైకి ఎవరూ ఏమీ అనలేదు. పిల్లలు జ్యూస్‌లో ముంచుకుని తిన్నారు. పెద్దవాళ్ళ ప్లేట్లు సగం సగం ముక్కలతో ట్రాష్ దగ్గరికి చేరాయి. ఆంటీ అవన్నీ చూసింది. తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది, నమలలేక నీళ్ళు తాగింది. రెండేళ్ళ కిందట నవ్విన ఆడవాళ్ళే చుట్టూ ఉన్నారు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి, తేనెలాంటి గొంతుతో, అందరికీ వినపడేలా అన్నాను.

"పోనీలెండాంటీ. కొలతల్లో ఏముంది? చెయ్యుండాలి కదా, చెయ్యి."

ఎవరూ నవ్వలేదు. ఆంటీ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "అవునమ్మా, నిజమే," అంది మెల్లగా.

ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా నా సంతోషం చెప్పతరం కాదు. రూట్ వన్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా పాటలు పాడుకున్నాను. అబద్ధం ఎందుకు, అంత హాయిగా నేను ఆ మధ్య ఎప్పుడూ లేను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆడవాళ్ళందరం కూర్చున్నప్పుడు పాస్టర్‌గారి భార్య చెప్పారు. ఆవిడని మేమందరం అమ్మగారు అంటాం.

"ఆంటీ కోసం ప్రార్థన చేయాలమ్మా అందరూ. మతిమరుపు మొదలైందని బాధపడుతున్నారు. ముప్ఫయ్యేళ్ళ నుంచి చేసే కేకే మర్చిపోయాను, చెయ్యి పోయింది, ఇంక తల కూడా పోతోంది అంటున్నారు. వాళ్ళమ్మగారికి అలాగే మొదలైందంట, చివరికి కన్నపిల్లల్ని కూడా గుర్తుపట్టలేదంట. డ్రైవింగ్ మానేశారు. గురువారం డాక్టర్ దగ్గర టెస్ట్ ఉంది. వాళ్ళమ్మాయి కాండో అమ్మేసి టెక్సస్ తీసుకెళ్ళిపోతానంటోంది."

నేను తల వంచుకుని కూర్చున్నాను. నాకు జరిగింది కేకుతో అవమానం, నేను తీర్చుకున్నది కేకుతో అవమానం. చెల్లుకి చెల్లు అనుకున్నాను. ఆవిడ ఇల్లు నేనడగలేదు, కారు అడగలేదు, మతి అడగలేదు. ఒక్క కేకు చెడితే ఇంత కథా, మనిషన్నాక కాస్త గుండె నిబ్బరం ఉండొద్దా అని ఆవిడ మీదే మళ్ళీ కోపం తెచ్చుకోబోయాను. ఎంత ప్రయత్నించినా ఆ కోపం రాలేదు. పొద్దున్నే నర్సు డ్యూటీకి వెళ్ళినట్టు చక్కగా తయారై, తన కారు తనే నడుపుకుంటూ తిరిగిన మనిషి ఆవిడ.

మర్నాడు ల్యాబ్‌కి సెలవు పెట్టి, త్రాసూ కుక్కర్ కప్పూ సంచీలో వేసుకుని ఆంటీ ఇంటికి వెళ్ళాను. హాల్లో సగం సర్దిన అట్టపెట్టెలు ఉన్నాయి. స్టవ్ పక్కన పసుపు కాగితం మీద తెలుగులో రాసి ఉంది: "ఆపానా?" తలుపు మీద ఇంకొకటి, తాళంచెవుల గురించి. ఆంటీ తల కూడా దువ్వుకోలేదు.

"ఆంటీ, మైదా డబ్బా ఎక్కడుంది?" అన్నాను.

స్టీలు కప్పు ముంచి తూశాను. నూట నలభై ఆరు. కుక్కర్ కప్పు ముంచి తూశాను. నూట ఐదు. ఇంకా నేను సంగతి చెప్పనేలేదు, ఆవిడ రెండు కప్పులూ పక్కపక్కన పెట్టి చూసింది. నర్సు కదా.

"ఇది టూ ఫార్టీ సీసీ," అంది. "అది... వన్ ఎయిటీ." కుక్కర్ కప్పుని చేతిలోకి తీసుకుంది. "ఓరి దేవుడా! ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రిలో సీసీలు కొలిచి కొలిచి మందులిచ్చానే! నా వంటింట్లో కప్పు చూసుకోలేదా నేను!"

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూలబడి ఏడ్చింది. వెంటనే కూతురికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"నాకేం కాలేదే! నా తల బానే ఉంది! కప్పే మారింది, నువ్వే పారేశావు!"

"వాట్? అమ్మా, ఓకే, గుడ్. కానీ టెస్ట్ చేయించుకో, ప్లీజ్. దెన్ వీ విల్ సీ. హౌస్ గురించి ఇప్పుడు హర్రీ లేదు," అంది కూతురు, ఇక్కడ పుట్టి పెరిగిన యాసలో.

ఆంటీ ఫోన్ పెట్టేసి, స్టవ్ పక్కనున్న పసుపు కాగితాన్ని పీకి ఉండచుట్టి పారేసింది. నేనే ఊరుకోలేకపోయాను.

"ఆంటీ, నేను మొదటి ఏడాది తెచ్చిన కేకు గుర్తుందా? ఇటిక అన్నారు."

"నీ కేకా? నువ్వెప్పుడు తెచ్చావే?" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ.

రెండేళ్ళు! రెండేళ్ళు నేను ఫ్రిజ్ మీద అంకె చూసి పళ్ళు నూరాను, ఈవిడకి సంగతే గుర్తులేదు. అది మతిమరుపో, నేను ఆవిడ కంటికి ఆనినదాన్నే కాదో ఇప్పటికీ తెలియదు. రెండిట్లో ఏదైనా నాకు నచ్చదు.

"అది సరేగానీ," అంది ఆంటీ, నా చెయ్యి పట్టుకుని. "ఈ కప్పు సంగతి నీకెప్పుడు తెలిసింది?"

ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. నిజం చెప్పడానికే వచ్చాను కదా, సగం చెప్పేశాను కదా, మిగతా సగం ఎంతసేపు?

"నిన్ననే ఆంటీ," అన్నాను.

మా ఇళ్ళల్లో ప్రార్థన చేయకుండా ఎవర్నీ గడప దాటనివ్వరు. ఆంటీ నా తల మీద చెయ్యి పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"తండ్రీ, ఈ బిడ్డని పంపినందుకు నీకు స్తోత్రం. నన్ను చీకట్లోంచి లాగావు. నిన్న తెలిసిన మాటని ఒక్కరోజు కూడా కడుపులో దాచుకోలేక, పని మానుకుని నాకోసం పరుగెత్తుకొచ్చిన మనసయ్యా ఇది. ఇలాంటి మనసు మా అందరికీ ఇవ్వు తండ్రీ. నా కన్నకూతురు చేయలేని పని చేసిందయ్యా..."

ఆవిడ ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయి. నా తల మీద ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా, కొంచెం కూడా వణక్కుండా ఉంది. చివరికి ఆవిడ ఆగింది. ఇక నా వంతు.

"ఆమెన్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా అనమ్మా," అంది ఆంటీ.